కోరింగ మడ అడవిలో అమ్మతో, పిల్లలతో తేలికైన నడక: ముందు నీటి వేళ చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సంక్రాంతి సెలవులకి కాకినాడలో చుట్టాలింటికి వస్తున్నారు. అమ్మగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలు ఇద్దరు, బాబుకి 11, పాపకి 7. సముద్రానికి దగ్గరగా, చెట్ల మధ్యలో, ఎక్కడం దిగడం లేకుండా, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే చిన్న నడక ఉంటే బాగుండునని మీ కోరిక. కోరింగ అనుకున్నారు. కానీ మీ బావగారు "అక్కడేముంది, అరగంటలో అయిపోతుంది" అన్నారు. పనిలో పనిగా కాకినాడ ఎదురుగా ఉన్న ఇసుక దీవి హోప్ ఐలాండ్ కూడా అదే రోజు చూడొచ్చా అని అడిగారు.

కోరింగ వెళ్లండి. అమ్మగారిని ఇంట్లో కూర్చోబెట్టి వెళ్లాల్సినంత కష్టం అందులో ఏమీ లేదు. మీ బావగారు చెప్పింది కూడా అబద్ధం కాదు, వేళ కాని వేళ వెళ్లినవాళ్లకి కోరింగ నిజంగానే అరగంటలో అయిపోతుంది. మడ అడవికి, అంటే ఉప్పునీటి బురదలో పెరిగే మాంగ్రూవ్ అడవికి, నీటి వేళలు ఉంటాయి. సముద్రపు ఆటుపోట్లే ఆ వేళలు. నీరు తీసినప్పుడు ఒక అడవి, నీరు ఎక్కినప్పుడు ఇంకో అడవి. ఏది చూడాలనుకుంటున్నారో తేల్చుకుని బయల్దేరితే అరపూట కూడా చాలదు.

ముందు చోటు సంగతి. కోరింగను 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గౌతమి గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట పరుచుకున్న మడ అడవి ఇది. అందులో మనలాంటి వాళ్లు కాలు పెట్టగలిగేది ఒక అంచు మాత్రమే. కాకినాడ నుంచి యానాం వెళ్లే 216 జాతీయ రహదారి మీద, చొల్లంగి, కోరింగ ఊళ్ల దగ్గర, ఎడమ చేతి వైపు అటవీశాఖ వాళ్ల ఎకో టూరిజం కేంద్రం ఉంది. యానాం, అమలాపురం వైపు వెళ్లే ఆర్టీసీ బస్సులు ఆ రోడ్డు మీదే వెళ్తాయి. అయినా మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఎండలో రోడ్డు పక్కన తిరుగు బస్సు కోసం నిలబడటం వద్దు, ఆటోనో కారో మాట్లాడుకుని దాన్ని అక్కడే ఉంచుకోండి.

నడిచే బాట నేల మీద ఉండదు. బురదలో స్తంభాలు పాతి, వాటి మీద చెక్క పలకలు పరిచి, చెట్ల మధ్యగా తీసుకెళ్లారు. మెట్టలు, గుట్టలు ఏమీ లేవు. డెల్టా అంటేనే చదును కదా. బాట వెంట అటు నడిచి, కాలువ ఒడ్డు చూసుకుని, మళ్లీ గేటు దగ్గరికే వచ్చేస్తారు. అమ్మగారికి ఇబ్బంది దూరం వల్ల రాదు, పలకల వల్ల వస్తుంది. అక్కడక్కడా ఎత్తుపల్లాలుగా ఉంటాయి, మంచు పడిన పొద్దున్నో వాన పడ్డాకో జారతాయి. సంక్రాంతి రోజుల్లో మంచు మామూలే కాబట్టి, ఎండ వచ్చి పలకలు ఆరాక నడవడం మొదలుపెట్టండి. చీర కట్టుకునే అలవాటైతే కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకోమనండి. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండి అడుగు గరుకుగా ఉన్నవి ఏవైనా ఫర్వాలేదు. చేతికర్ర వాడేవారైతే దాని కొన పలకల సందుల్లో ఇరుక్కోకుండా చూసుకోవాలి, ఒక చేయి మీరు పట్టుకుంటే ఇంకా మంచిది. వాచ్ టవర్ లాంటివి ఉన్నచోట మెట్లు మీరూ పిల్లలూ ఎక్కండి. అమ్మగారిని కింద నీడలో కూర్చోబెట్టండి, ఆవిడకి అక్కడ చూడడానికి తక్కువేమీ ఉండదు.

ఇక నీటి విషయం. మన తీరంలో రోజుకి రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల ఏ రోజుకారోజు వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం అవుతుంది. దీన్ని బట్టి ఒక లెక్క వేసుకోవచ్చు. ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నీరు నిండుగా ఉంటే, వచ్చే ఆదివారం అదే తొమ్మిదింటికి దాదాపు పూర్తిగా తీసేసి ఉంటుంది. ఆపై ఆదివారానికి మళ్లీ నిండుగా. అంటే పోయినవారం వెళ్లొచ్చిన వాళ్ల మాట మీకు సరిగ్గా తలకిందులు అవుతుంది. "అదే టైముకి వెళ్లాం, ఏమీ లేదు" అనే వాళ్ల సంగతి చాలావరకు ఇదే.

తిథి కూడా లెక్కలోకి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది, నీరు బాగా పైకొస్తుంది, తీసేటప్పుడూ బాగా దూరం తీస్తుంది. అష్టమి దగ్గర ఆ తేడా తక్కువ. బురద మీద సందడి చూడాలంటే అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ రెండు మూడు రోజులు మంచివి. వేళలకి ఫోన్‌లో యాప్‌లు ఉన్నాయి, కాకినాడ అని కొడితే వచ్చేస్తాయి. అవి రేవు దగ్గర వేళలని మాత్రం గుర్తుపెట్టుకోండి. సముద్రంలో నీరు తిరిగాక ఆ కదలిక కాలువల లోపలికి రావడానికి కొంత ఆలస్యం అవుతుంది.

మీకైతే నేను చెప్పేది ఇది. నీరు అడుగంటే వేళ పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య పడే రోజు ఎంచుకోండి. ఆ వేళకి ముప్పావుగంట ముందు బాట మీద ఉండండి. నీరు తీసి ఉన్నంతసేపూ నడక, నీరు ఎక్కడం మొదలయ్యాక పడవ. కాలువలో పడవ షికారు ఉంది కానీ నీళ్లు బాగా తగ్గినప్పుడు పడవ నడపలేరు. టికెట్టు కొనేటప్పుడే "పడవ ఎన్నింటికి?" అని అడిగితే ఆ జవాబుని బట్టే నీటి సంగతీ తెలిసిపోతుంది. పండగ రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి ముందే పేరు రాయించుకోవడం నయం.

బాట మీదకి వెళ్లగానే మొదట తగిలేది వాసన. కుళ్లిన కోడిగుడ్డు వాసన అని పిల్లలు ముక్కు మూసుకుంటారు. అది మురుగు కాదని ముందే చెప్పండి. ఆ బురదలో గాలి చొరబడదు. గాలి లేని చోట ఆకూ అలమా కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని గంధకం లవణాల నుంచి ఆ వాయువుని పుట్టిస్తాయి. నాకైతే ఆ వాసన లేని మడ అడవిని చూస్తేనే అనుమానం వస్తుంది.

గాలి లేని బురదలో వేరు ఎలా బతుకుతుంది? మీ బాబు వయసుకి ఇది సరిగ్గా సరిపోయే ప్రశ్న. జవాబు కాళ్ల కిందే కనిపిస్తుంది. ఇక్కడ మడ అనే పేరుతోనే ఉన్న రకం చెట్ల చుట్టూ బురదలోంచి జానెడు ఎత్తున, వేలెడు లావున వేల కొద్దీ పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి. అవి మొక్కలు కావు, వేర్లు. వాటి పైన సన్నటి రంధ్రాలు ఉంటాయి. నీరు తీసినప్పుడు వాటి గుండా గాలి పీల్చి కింది వేర్లకి పంపుతాయి. నీరు నిండుగా ఉన్నప్పుడు వెళ్తే ఇవన్నీ మునిగిపోయి, మామూలు చెట్లు నీళ్లలో నిలబడ్డట్టే కనిపిస్తుంది. ఆ పూట వెళ్లినవాళ్లే అక్కడేముంది అంటారు.

ఈ అడవిలోని ఉప్పు పొన్న చెట్టు పద్ధతి వేరు. దాని వేర్లు మాను మధ్యలోంచి వంపు తిరిగి కిందకి దిగి, బురదలో నాటుకుని చెట్టుని నాలుగు పక్కలా నిలబెడతాయి. దాని కాయ తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. మునక్కాడలా వేలాడే ఆ పచ్చటి మొలక తయారయ్యాక ఊడిపడుతుంది. కింద బురద ఉంటే అక్కడే పాతుకుంటుంది, నీళ్లుంటే తేలుతూ ఎక్కడికో వెళ్లి మెత్తటి నేల దొరికిన చోట నిలబడుతుంది. పాపకి ఆ మొలక ఒకటి చూపించండి, కోయొద్దని చెప్పండి.

మడ ఆకు ఒకటి వంచి వెనక్కి తిప్పి చూడండి. ఎండ పొద్దున సన్నటి ఉప్పు రవ్వలు మెరుస్తుంటాయి. వేర్లు ఆపగలిగినంత ఉప్పుని ఆపుతాయి, లోపలికి వచ్చేసిన ఉప్పుని ఆకు బయటికి కక్కేస్తుంది. వేలితో తాకి నాలికకి రాసుకుంటే తెలుస్తుంది. కానీ ఏ ఆకు అన్నది ముందు ఖాయం చేసుకోవాలి. ఇక్కడే తిల్ల చెట్టు కూడా ఉంటుంది. రాలబోయే ముందు దాని ఆకులు ఎర్రబడతాయి, ఫొటోకి చాలా అందంగా ఉంటుంది. దాని ఆకు తుంచినా కొమ్మ విరిచినా తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి తగిలితే మంట, కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. అందుకని పిల్లలకి ఒకటే నియమం పెట్టండి: అక్కడి గైడో వాచరో చూపించి "ఇది మడ" అన్నదాన్ని తప్ప ఏ ఆకునీ ముట్టుకోకూడదు.

ఇప్పుడు బురద. నేను అక్కడికి ఎవరిని తీసుకెళ్లినా ముందు చెప్పేది, ఒకచోట ఆగి పది నిమిషాలు కదలకుండా నిలబడమని. మనం నడుస్తున్నంతసేపూ పలకలు అదురుతుంటాయి. ఆ అదురుకి బురద మీద ఉన్నవన్నీ బొరియల్లోకి దూరిపోతాయి. మనం ఆగిన కాసేపటికి ఒక్కొక్కటే బయటికొస్తాయి. మొదట చిన్న పీతలు. మగవాటికి ఒక డెక్క ఒంటికి మించి పెద్దగా ఉంటుంది, దాన్ని పైకెత్తి ఊపుతుంటాయి, ఆడవాటిని పిలవడానికి. తర్వాత మడ్‌స్కిప్పర్లు. ఇవి చేపలే. ఒళ్లు తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి పీల్చుకోగలవు కాబట్టి బురద మీద పాకుతాయి, గెంతుతాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి. పిల్లలకి ఇది దొరికిందంటే మీరు వాళ్లని అక్కడి నుంచి కదిలించలేరు. ఆ పీతల బొరియలే ఆ గట్టి బురదలోకి గాలినీ నీటినీ పంపే దారులు, కాబట్టి చెట్లకీ వాటితో పని ఉంది.

అమ్మగారు మండపీతలు వండి ఉంటే, అవి పెరిగేది ఈ కాలువల్లోనే అని చెప్పండి. రొయ్య పిల్లలూ చేప పిల్లలూ పెద్ద చేపలకి అందకుండా దాక్కుని పెరిగేది ఈ వేర్ల మధ్యనే. వానాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు పులస సముద్రం నుంచి గోదావరిలోకి ఎక్కే దారుల్లో ఈ గౌతమి ముఖద్వారం కూడా ఒకటి. యానాం బజారులో దాని ధర గురించి మాట్లాడుకునేవాళ్లం, అది ఎక్కడి గుండా వస్తుందో ఒకసారి చూసి తీరాలని నా అభిప్రాయం. కాలువలో వలలు వేసేవాళ్లు, పీతలు పట్టేవాళ్లు కనిపిస్తారు. వాళ్లు పనిలో ఉన్నారు, ఫొటో తీయాలంటే ఒక మాట అడిగి తీయండి.

పక్షులకి జనవరి మంచి కాలం. లకుముకి పిట్టలు, కొంగలు, పైన గరుడ పక్షి తప్పకుండా కనిపిస్తాయి. చలికాలపు వలస పక్షులు ఎక్కువగా కాకినాడ అఖాతం వైపు బురద మేటల మీద ఉంటాయి, నీరు తీసినప్పుడు మేతకి దిగుతాయి. బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. బావురుపిల్లి, నీటికుక్క ఈ అడవిలో ఉన్నాయి కానీ అవి కనిపిస్తాయని పిల్లలకి ఆశ పెట్టొద్దు. బావురుపిల్లి రాత్రి పూట తిరిగే జంతువు, మనుషుల అలికిడి ఉన్నచోటికి రాదు. నీటిపాములు ఉంటాయి, బాట దిగనంతవరకు భయం లేదు.

బాట దిగడం గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. "ఒక్క ఫొటో" అని బురదలోకి కాలు పెట్టేవాళ్లు ప్రతి సెలవు రోజునా ఉంటారు. మోకాలి లోతు దిగబడతారు, గవ్వలూ గుల్లలూ అరికాలిని కోసేస్తాయి, అది ఒక సంగతి. అంతకన్నా నాకు బాధనిపించేది, ఆ అడుగు కింద విరిగే వేర్లు. చెట్టుకి ఊపిరి అవే. ప్లాస్టిక్ కూడా అంతే. బాట మీంచి జారిపడిన చిప్స్ ప్యాకెట్టుని నీరు తీసుకెళ్లి వేర్ల మధ్య ఇరికిస్తుంది, ఎవరూ వెళ్లి తీయగలిగే చోటు కాదది. తినేవి గేటు దగ్గరే తినేసి, మంచినీళ్ల సీసా మాత్రం పట్టుకుని లోపలికి వెళ్లండి. కోతుల బెడద కూడా తప్పుతుంది.

ఈ అడవి ఎందుకు ఉండాలో అమ్మగారికి విడిగా చెప్పక్కర్లేదు. గోదావరి జిల్లాల్లో ఆ వయసు వాళ్లెవరినైనా 1996 నవంబర్ 6 రాత్రి గురించి అడగండి. కోనసీమ మీదికి వచ్చిన ఆ తుఫాను భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాల్లో ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పేసిందో వాళ్లకి తెలుసు. తీరానికి అడ్డంగా దట్టమైన మడ ఉంటే అల జోరూ గాలి జోరూ కొంత అక్కడే విరుగుతాయి. కోరింగ ఊరికి ఇది పాత కథే. ఒకప్పుడు ఓడలు కట్టిన, మరమ్మతు చేసిన పేరున్న రేవు ఇది. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కొరంగీలు అనేవారు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన మీద పడింది. ఆ తర్వాత రేవు మళ్లీ కోలుకోలేదు.

అడవి మొత్తం దానంతట అదే పెరిగిందీ కాదు. కట్టెల కోసం నరికినచోట, నేల పల్లంగా మారి నీరు నిలిచిపోతుంది. ఎండాకాలంలో ఆ నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోయి అక్కడ ఇంకేమీ మొలవదు. దానికి అటవీశాఖ, స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లూ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులూ కలిసి ఒక పద్ధతిలో పనిచేశారు. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరుపక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లు ఆకారంలో తవ్వి, పోటు నీరు లోపలికి వచ్చి మళ్లీ వెళ్లిపోయేలా చేశారు. ఉప్పు కొట్టుకుపోయాక ఆ గట్ల వెంట మడ నాటారు. మందు లేదు, ఎరువు లేదు, నీటికి దారి ఇచ్చారంతే. పడవలో వెళ్తున్నప్పుడు వరసగా, ఒకే ఎత్తున ఉన్న చెట్లు కనిపిస్తే అవి నాటినవేమో అని పడవ వాళ్లని అడగండి. ఆ పనిలో కూలికి వెళ్లిన ఇళ్ల వాళ్లే అక్కడ కొందరు ఉంటారు, ఇష్టంగా చెప్తారు.

చిన్న చిన్న విషయాలు కొన్ని. దోమలు ఉంటాయి, పిల్లలకి ఫుల్ చేతులు వేసి, క్రీము ఇంటి దగ్గరే రాయండి. చెట్ల మధ్య గాలి ఆడదు కాబట్టి జనవరిలో కూడా పదకొండు దాటాక ఉక్కగా ఉంటుంది, మజ్జిగ సీసా ఒకటి అమ్మగారికి విడిగా పెట్టండి. బాత్రూమ్ పని గేటు దగ్గరే చూసుకుని వెళ్లండి. పుష్య అమావాస్య నాడు మాత్రం అటు రావొద్దు. ఆ రోజు చొల్లంగిలో తీర్థం, సముద్ర స్నానానికి జనం వేలల్లో వస్తారు, గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేది అక్కడే, రోడ్డు కదలదు. అమ్మగారికి స్నానం చేయాలనుంటే దానికోసమే విడిగా రండి.

ఇంకొకటి, పిల్లలు ఇసుక, అలలు అని ఆశ పెట్టుకుంటే ముందే చెప్పేయండి: ఈ నడకలో సముద్రం కనిపించదు. కనిపించేది ఉప్పు కాలువ, చెట్లు, బురద. ఇసుక కావాలంటే సాయంత్రం కాకినాడ బీచ్‌కో ఉప్పాడ వైపుకో తీసుకెళ్లండి, రెండూ ఒకే రోజులో అవుతాయి.

హోప్ ఐలాండ్ మాత్రం ఒకే రోజులో వద్దు. గోదావరి తెచ్చిన మట్టీ ఇసుకా ఉత్తరానికి కొట్టుకొచ్చి కట్టిన పొడవాటి ఇసుక దిబ్బ అది. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా అడ్డుగా ఉండేది అదే. దానికి వేరే పడవ, అనుమతి, సముద్రం ఎలా ఉందన్న లెక్క అన్నీ కావాలి. పడవ ఎక్కడం, ఇసుకలోకి దూకడం అమ్మగారి మోకాళ్లకి పడవు. పైగా జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, వాటిని అలా వదిలేయడమే మంచిది. మీరు వచ్చే తేదీలు రాయండి. ఆ వారంలో ఏ రోజు పొద్దున నీరు తీసి ఉంటుందో చూసి, ఎన్నింటికి బాట మీద ఉండాలో నేనే చెప్తాను.